పంటి సాక్ష్యం

నీలవేణి ఆ యంత్రాన్ని చచ్చిపోయినవాళ్ళ కోసం చేసింది.

ఆ ఏడు వచ్చిన తుపానుకి కళింగపట్నం మొదలుకుని భీమిలి దాకా సముద్రం మూడు రోజులపాటు మనుషుల్ని ఒడ్డుకి తోస్తూనే ఉంది. విశాఖపట్నంలో ఒక గోడౌను ఖాళీ చేయించి శవాలని వరసగా పడుకోబెట్టారు. ఉప్పునీళ్ళలో నాని మొహాలు పోయాయి, వేలిముద్రలు పోయాయి. రాళ్ళూ నీళ్ళూ పరీక్షించే ప్రభుత్వ ప్రయోగశాలలో శాస్త్రవేత్తగా ఉన్న గేదెల నీలవేణి, ఎవరో సాయానికి పిలిస్తే వెళ్ళింది. అక్కడ ఒక జాలరి ఆడమనిషి ఒకే పూటలో నాలుగు శవాల దగ్గర కూలబడి, నాలుగుసార్లూ "ఈడే నా పెనిమిటి" అని ఏడవడం చూసింది. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం తినలేకపోయింది.

రెండేళ్ళు పట్టింది. చేతిలో ఇమిడే పరికరం, చివర సూదిమొనంత వెలుగు. మొట్టమొదటిసారి దాన్ని ఒక గుర్తు తెలియని శవం దవడపంటికి ఆనించినప్పుడు ఆమె సహాయకుడు కర్రి భానోజీ తెర వంక చూస్తూ నిలుచున్నాడు. పది నిమిషాలకి తెర మీది పటంలో బారువ అనే ఊరి దగ్గర ఒక చుక్క వెలిగింది.

"అంటే మేడమ్, ఈ మనిషి అక్కడివాడేనా?"

"ఎనిమిదేళ్ళు వచ్చేదాకా అక్కడి నీళ్ళు తాగాడు. ఆ నేలలోని రాయి గుణం, ఆ వాన గుణం పంటి పింగాణీలో ఉండిపోతాయి భానోజీ. ఎముక మారుతుంది, చర్మం మారుతుంది. అది మాత్రం మారదు."

బారువకి కబురు పంపితే మర్నాటికల్లా అన్నదమ్ములిద్దరు వచ్చి, కాలి మీది పాత కోతగాటు చూసి, మనిషిని గుర్తుపట్టి తీసుకెళ్ళారు. ఆ పరికరానికి జలజాడ అని పేరు పెట్టారు. అది రెండువందలకి పైగా శవాలని వాళ్ళ వాళ్ళకి చేర్చింది.

పౌరసత్వ చట్టం సవరించడానికి పార్లమెంటు కమిటీ కూర్చున్నప్పుడు నీలవేణిని ఢిల్లీ పిలిచారు. ఆమె సంతోషంగానే వెళ్ళింది. పుట్టిన సర్టిఫికెట్టు లేని కూలీలు, వరదల్లో కాగితాలు పోగొట్టుకున్న ముసలివాళ్ళు ఆఫీసుల చుట్టూ తిరగడం ఆమె చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. మైకు ముందు కూర్చుని ధైర్యంగా చెప్పింది: "కాగితం లేని పేదవాడికి వాడి పన్నే సాక్ష్యం. ఆ సాక్ష్యాన్ని ఎవరూ చింపలేరు, ఎవరూ దొంగిలించలేరు." సభ్యులు బల్లలు చరిచారు. రంగం కాలనీలో ఆమె తల్లి దాలమ్మ టీవీ ముందు కూచుని అది చూసి, సాయంత్రం ఇంటింటికీ వెళ్ళి లడ్డూలు పంచింది.

ఏడాదిన్నర తిరిగేసరికి ప్రభుత్వం చట్టాన్ని మళ్ళీ సవరించింది. కాగితం లేనివాళ్ళకి పన్ను చాలు అని ఉన్నచోట, కాగితం ఉన్నా లేకపోయినా పన్ను తప్పనిసరి అని వచ్చింది. కాగితాలు దొంగవి పుట్టించవచ్చు, పన్నుని పుట్టించలేరు కదా అన్నారు మంత్రిగారు. సవరణ బిల్లు ముందుమాటలో నీలవేణి కమిటీ ముందు అన్న మాటల్ని ఆమె పేరుతో సహా అచ్చువేశారు.

రంగం కాలనీ కొండవాలున ఉంటుంది. ఈ ప్రాంతం వాళ్ళు సముద్రం అవతలి రంగూన్‌ని రంగం అనే అంటారు. వెనకటికి బియ్యం మిల్లుల్లోనూ ఓడరేవులోనూ కూలి పనులకని వెళ్ళిన కుటుంబాలు, అక్కడి ప్రభుత్వం పొమ్మన్నప్పుడు ఓడలెక్కి తిరిగొచ్చి ఆ వాలున గుడిసెలు వేసుకున్నాయి. దాలమ్మ ఓడ దిగేనాటికి ఆమెకి తొమ్మిదేళ్ళు. ఇప్పుడు డెబ్భై రెండు. దిగిన రోజున, స్వదేశానికి తిరిగొచ్చినవాళ్ళని రాసి ఇచ్చిన పసుపు కార్డుల్ని తర్వాత ఇళ్ళ పట్టాల కోసమని ఏదో ఆఫీసులో తీసుకున్నారు. అవి మళ్ళీ ఎవరి చేతికీ రాలేదు.

నీలవేణికి ఇదంతా తెలుసు. తల్లి పంట్లో అక్కడి ఐరావతి నది నీళ్ళు ఉంటాయనీ తెలుసు. అందుకే సవరణ వచ్చిన వారంలోనే, తిరిగొచ్చిన కుటుంబాలని పరీక్షనుంచి మినహాయించాలని మూడు ఉత్తరాలు రాసింది. ఢిల్లీలో జాయింట్ సెక్రటరీ పరాంకుశం ఫోన్లో ఎంతో మర్యాదగా మాట్లాడేవాడు. "ఫైలు కదులుతోంది మేడమ్. మీరు కంగారు పడకండి" అనేవాడు. మినహాయింపు ఆర్డరు రాగానే ఇదంతా అమ్మకి చెబుదాంలే అనుకుంది నీలవేణి. ఈ ఆదివారం వద్దు, వచ్చే ఆదివారం చెబుదాం అనుకుంటూ నెల గడిపేసింది. ఆమె చేసిన తప్పు అదే.

శనివారం పొద్దున పదింటికి భానోజీ ఫోను చేశాడు. కొలతలు సరిచూడడానికి అతన్ని ఆ రోజు పంటి పరీక్షల శిబిరానికి పంపారు.

"మేడమ్, నేను రంగం కాలనీ కమ్యూనిటీ హాల్లో ఉన్నాను. మీరొకసారి రావాలి."

"అక్కడ శిబిరం ఎందుకు పెట్టారు? వచ్చే నెల కదా?"

"ముందుకి జరిపారట. మేడమ్, అమ్మగారు లైన్లో మొదట నిలబడ్డారు. నేను వచ్చేసరికే అయిపోయింది."

ఆమె వెళ్ళేసరికి హాలు బయట మనుషులు గుంపులుగా నిలబడి ఉన్నారు. ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. దాలమ్మ ఎదర బెంచీ మీద, కొత్త చీర కట్టుకుని, ఎర్ర చీటీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"వొచ్చీసినావా అమ్మీ. సూడు, ఇదేటో ఎర్రదిచ్చినారు. ఆ కొత్త గుంటడికి నీ మిషను వాడ్డం రాదనుకుంటాను. నువ్వోసారి పెట్టి సూడు."

"అమ్మా, నిన్నెవరు వెళ్ళమన్నారు?"

"ఒకరు సెప్పాలేటి? ఈళ్ళందరూ బెదిరిపోయి తలుపులేసుకుని కూకున్నారు. నానే ఇల్లిల్లూ తిరిగి సెప్పీసినాను. మా పాప సేసిన మిషనది, మనల్నేటి సేస్తాది, నాను ముందెల్తాను, నా యెనకాల రండర్రా అని." దాలమ్మ నవ్వబోయి, కూతురి మొహం చూసి ఆగింది. "ఏటే, అలగున్నావు? నా కూతురు సేసిన మిషను నన్నెరగదేటి?"

నీలవేణి తల్లి పక్కన కూచుని ఆ చీటీ చేతిలోకి తీసుకుంది. పటం మీద చుక్క ఎక్కడ వెలగాలో అక్కడే వెలిగింది. పక్కింటి ఎర్రమ్మ, పదేళ్ళనుంచీ దాలమ్మతో కలిసి సాయంత్రాలు నూడుల్సు బండి నడిపే మనిషి, తన చీటీ తెచ్చి నీలవేణి ముందు పట్టుకుంది.

"నాదీ ఎర్రదే పాపా. ఎర్రదంటే ఏటి?"

మధ్యాహ్నానికి ఓడ దిగి వచ్చినవాళ్ళలో బతికున్న అరవైముగ్గురికీ, పరదేశీ అని తేల్చే ఎర్ర చీటీలే వచ్చాయి. ఇక్కడే పుట్టిన వాళ్ళ పిల్లలకి పచ్చ చీటీలు వచ్చినా, తల్లిదండ్రులు పరదేశీయులు గనుక వాళ్ళ సంగతి తర్వాత తేలుస్తామని విడి నోటీసులు ఇచ్చారు. నీలవేణికీ ఒకటి ఇచ్చారు.

ట్రిబ్యునల్ విచారణ కలెక్టరేటులోని పాత మీటింగు హాల్లో జరిగింది. అరవైముగ్గురినీ ఒకే కేసు కింద కలిపారు. యంత్రం తయారుచేసిన మనిషిగా సాక్ష్యం చెప్పడానికి నీలవేణి బోనులోకి వెళ్ళింది. ఆ ముందు రోజు కాలనీవాళ్ళ లాయరు ఆమెకి చెప్పాడు: "యంత్రం తప్పు చెప్పిందని ఒక్క ముక్క అనండి మేడమ్. మిగతాది నేను చూసుకుంటాను."

అధ్యక్షుడు రిటైరైన జడ్జి, ముసలాయన. కళ్ళజోడు సవరించుకుని అడిగాడు: "దాలమ్మగారి విషయంలో జలజాడ ఇచ్చిన ఫలితం సరైనదేనా?"

తప్పని చెబితే ఏమవుతుందో నీలవేణి ముందురోజంతా ఆలోచించింది. బారువ అన్నదమ్ముల దగ్గర్నుంచి రెండువందల కుటుంబాలు తాము తగలబెట్టింది ఎవరినోనని కుమిలిపోతాయి. పైగా ట్రిబ్యునల్ వాళ్ళు ఇంకో ప్రయోగశాలలో పరీక్ష చేయిస్తే అదే చుక్క మళ్ళీ వెలుగుతుంది. ఎదర వరసలో తల్లి మెడ చాచి తన వంకే చూస్తోంది.

"ఫలితం సరైనదేనండి. మా అమ్మ తొమ్మిదేళ్ళ దాకా రంగూన్లో పెరిగింది. కానీ చిన్నప్పుడు ఏ నీళ్ళు తాగారన్నది మనిషి ఏ దేశస్థుడో చెప్పదు. ఆవిడ అమ్మానాన్నలు ఇక్కడివాళ్ళు. ఆవిడ మాట్లాడే భాష ఇక్కడిది. అరవైమూడేళ్ళుగా ఇక్కడే కష్టపడి బతుకుతోంది. మీరు యంత్రాన్ని అడగకూడని ప్రశ్న అడుగుతున్నారు. నేను దాన్ని దీనికోసం చెయ్యలేదు."

ఆమె ఇంకా మాట్లాడుతుండగానే జడ్జి పక్కనున్న టైపిస్టు వంక తిరిగాడు.

"ఫలితం సరైనదేనని సాక్షి ఒప్పుకున్నారు అని రాయండి."

"మిగతాది కూడా రాయించండి సార్."

"అమ్మా, నాకు చట్టం ఇచ్చిన ప్రశ్న ఒక్కటే" అన్నాడాయన. ఆ మాట అనడానికి ఆయనకీ ఇబ్బందిగానే ఉన్నట్టుంది. ఆ తర్వాత ఆమె మొహం చూడలేదు.

అరవైముగ్గురినీ బొబ్బిలి వైపు మూతపడిన ఒక జనపనార మిల్లుకి తరలించారు. రంగూన్ ప్రభుత్వానికి ఉత్తరం రాస్తే, వీళ్ళు మావాళ్ళు కారు అని రెండు వాక్యాల్లో జవాబొచ్చింది. అందుకని గడువు ఏమీ లేకుండా అక్కడే ఉంచారు. మిల్లు షెడ్లలో ఇనుప మంచాలు వేశారు. గాలి ఆడితే పాత నార దుమ్ము రేగి అందరూ దగ్గేవారు. గురువారాలు మధ్యాహ్నం రెండునుంచి నాలుగుదాకా జల్లెడ కిటికీ దగ్గర చుట్టాలతో మాట్లాడనిచ్చేవారు.

నీలవేణి ప్రతి గురువారం వెళ్ళేది. మూడోవారం ఆమె ఒక సంగతి గమనించింది. ఎర్రమ్మా మిగతా ఆడవాళ్ళూ ఒకచోట చేరి కూర్చుంటున్నారు. దాలమ్మ మంచం మాత్రం గోడవార విడిగా ఉంది.

"అమ్మా, ఎర్రమ్మ నీతో మాట్లాడ్డం లేదా?"

"ఆల్ల తప్పేటుంది?" అంది దాలమ్మ. "తలుపులేసుకున్నోల్లని నానే కదేటి పిలిసి లైన్లో నిలబెట్టినాను. అన్నం తినీసినప్పుడు పల్లెం పట్టుకుని దూరంగెల్లి కూకుంటాను. నాకదేటీ కష్టం కాదులే. నువ్వు తింటన్నావా?"

తల్లి బాగా చిక్కిపోయింది. దగ్గినప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, దాన్ని వెంటనే మడిచి దాచేసేది. నీలవేణి డాక్టర్ని పంపమని అర్జీ పెడితే, అర్జీ అందినట్టు రసీదు ఇచ్చారు.

ఆ వారమే పరాంకుశం విశాఖపట్నం వచ్చాడు. ప్రయోగశాలలో ఆమె ఎదురుగా కూచుని, టీ తాగి, సంచిలోంచి ఒక ఫైలు తీశాడు. బడిపిల్లల పాలపళ్ళని పరీక్షించడానికి జలజాడలో చేసిన మార్పు తాలూకు ఫైలు అది. దానిమీద ఆమె సంతకం కావాలి. ఆమె ఆరు నెలలుగా పెట్టడం లేదు.

"ఇది పనిచెయ్యదని మీకు రాశాను కదా సార్. ఇప్పటి పిల్లలు ప్లాంటు నీళ్ళు తాగి పెరుగుతున్నారు. ఆ యంత్రాలు నీళ్ళలోంచి రాయి గుణాన్నంతా వడగట్టేస్తాయి. పంట్లో ఏ ఊరి గుర్తూ మిగలదు. గుర్తు లేని పన్నుని మీ పద్ధతి పరదేశీ కింద రాస్తుంది. మేము ఇక్కడ పరీక్షించిన పిల్లల్లో అయిదుగురికి ఒకరు అలా వచ్చారు."

"మీ అభ్యంతరం ఫైల్లో ఉంది మేడమ్. తర్వాత్తర్వాత సరిచేసుకోవచ్చు. చట్టం ప్రకారం యంత్రం తయారుచేసినవారి ధ్రువీకరణ లేకపోతే మొదలుపెట్టలేం, అంతే." ఆయన గొంతు తగ్గించాడు. "మీ అమ్మగారి పరీక్ష జరిగిన రోజు పరికరం మొన సరిగా తుడవలేదని ఒక నివేదిక రావచ్చు. అప్పుడు ఆ ఒక్క ఫలితం చెల్లదు. ఆవిడ ఆరోగ్యం సంగతి విన్నాను. ఆ దుమ్ములో ఎన్నాళ్ళుంటారు?"

ఆయన వెళ్ళాక భానోజీ తలుపు దగ్గరికి వచ్చి నిలుచున్నాడు. అతని కూతురు రెండో తరగతి చదువుతోంది.

"సంతకం పెట్టకండి మేడమ్."

ఆమె ఫైలు మూసి సొరుగులో పెట్టింది.

"పిల్లలు మేడమ్. అయిదుగురికి ఒకరు. ఆ లెక్క మనిద్దరమే కదా తేల్చింది?"

"ఆవిడ దగ్గుతుంటే కొంగుకి రక్తం అంటుతోంది భానోజీ. నాకు కనబడకుండా దాస్తోంది."

భానోజీ తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. సోమవారం పదకొండు గంటలకి నీలవేణి సంతకం పెట్టింది. సాయంత్రం ఆరింటికి ముందే భానోజీ రాజీనామా ఉత్తరం బల్లమీద పెట్టి, తన అల్మారా తాళం దానిమీద ఉంచి, చెప్పకుండా వెళ్ళిపోయాడు.

విడుదల ఆర్డరు తొమ్మిదో రోజున వచ్చింది. నీలవేణి కారు మాట్లాడుకుని, వెనక సీటులో దిండు వేయించి మిల్లుకి వెళ్ళింది. ఆ పూట ఆమెని లోపలికి కూడా రానిచ్చారు. షెడ్డులో అందరూ మంచాల మీద లేచి కూచుని చూస్తున్నారు. గుమాస్తా ఆర్డరు చదివాడు. దాలమ్మ పేరొక్కటే ఉంది.

"పద అమ్మా. ఆస్పత్రిలో గది చెప్పాను."

దాలమ్మ లేవలేదు. "మిగతావోల్లో?"

"వాళ్ళది కూడా చూస్తున్నారు. ముందు నువ్వు పద."

"అబద్దం ఆడకే. నీకు సిన్నప్పుడూ సేత కాదు." దాలమ్మ ఆయాసం తీర్చుకుంది. "అందర్నీ వొగ్గీసి నన్నొక్కదాన్నే ఎందుకొగ్గుతారు? ఏటిచ్చినావు?"

నీలవేణి అబద్ధం చెప్పడానికి చూసింది. చెప్పలేకపోయింది. నేలమీద గొంతుక్కూచుని, మంచం పట్టె పట్టుకుని, పాలపళ్ళ సంగతీ ప్లాంటు నీళ్ళ సంగతీ సంతకం సంగతీ మెల్లగా చెప్పేసింది. పక్క మంచాలవాళ్ళకి వినబడుతోందని తెలిసినా ఆపలేదు.

"గుంటల మీదా?" అంది దాలమ్మ. "నా మూలాన్న, సిన్న గుంటల మీద సంతకమెట్టినావా?"

"నిన్ను ఇక్కడ చావనివ్వలేకపోయానమ్మా."

"నిన్నెవులు అడిగినారే?" ఆ గొంతులో కోపం కూడా లేదు. "ఒకసారి నీ పేరు సెప్పి అరవైరెండుమందిని లోనికి తెచ్చీసినాను. ఇప్పుడు నా పేరు సెప్పి నువ్వు ఎంతమందిని తెస్తావో? నానెలిపోతే ఎర్రమ్మ మొకం ఎలగ సూడ్డం? ఆ గుంటల తల్లుల మొకం ఎలగ సూడ్డం?"

"అమ్మా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"పట్టుకోకు. ఎల్లిపో అమ్మీ. ఆ కాగితం ఎనక్కిమ్మని అడుగు. ఎల్లు, బేగి ఎల్లు."

నీలవేణి మిల్లు ఆవరణలోనే నిలబడి పరాంకుశానికి ఫోను చేసింది. సంతకం వెనక్కి తీసుకుంటున్నానంది. ఆయన ఎప్పటిలాగే మర్యాదగా విన్నాడు. "గెజెట్లో పొద్దున్నే అచ్చయిపోయింది మేడమ్. ఇప్పుడు మీరు వెనక్కి తీసుకున్నా, మళ్ళీ పెట్టినా ఒకటే. అమ్మగారు ఎలా ఉన్నారు?" అన్నాడు. ఆమె ఫోను పెట్టేసింది.

గేటు దగ్గర గుమాస్తా ఒక ఫారం అందించాడు. విడుదలైన మనిషి తనంతట తానే వెళ్ళనన్నట్టు దగ్గరి చుట్టం సంతకం చెయ్యాలన్నాడు. వారంలోగా బయటికి రాకపోతే ఆర్డరు రద్దవుతుందనీ చెప్పాడు. ఆమె సంతకం చేసింది. వెనక్కి తిరిగి చూస్తే, షెడ్డు తలుపులోంచి ఎర్రమ్మ తన మంచాన్ని గరగరమని ఈడ్చుకుంటూ గోడవార దాలమ్మ మంచం దగ్గరికి తీసుకెళ్ళడం కనిపించింది.

మర్నాడు బళ్ళలో పరీక్షలు మొదలయ్యాయి. నీలవేణి పనిచేసే ప్రయోగశాల వెనకాలే ఉన్న మునిసిపల్ స్కూల్లో మొదటిరోజు రెండువందల ఎనిమిది మంది పిల్లలు నోళ్ళు తెరిచి నిలబడ్డారు. నలభైఒక్క మందికి ఎర్ర చీటీలు వచ్చాయి. ఆ ఫలితాలు ధ్రువీకరణ కోసం ఆమె బల్లమీదికే వచ్చాయి. మొదటి పేజీ తిప్పి, పేర్లు చదువుతూ సగంలో కాగితాలు మూసేసింది. రాజీనామా ఇచ్చింది గానీ, దాంతో ఏదీ ఆగలేదు. ఆమె పేరున ఇచ్చిన ధ్రువీకరణ చెల్లుబాటులోనే ఉందని పై అధికారి మెమో పంపాడు.

ఆ తర్వాతి గురువారం ఒంటిగంటన్నరకే మిల్లుకి చేరుకుంది. మందులూ మెత్తటి శాలువా పట్టుకెళ్ళింది. తల్లి పేరు రాయించి జల్లెడ కిటికీ ముందు బల్లమీద కూర్చుంది. రెండు దాటింది. మిగతా కిటికీల దగ్గరికి ఒక్కొక్కరూ వచ్చి తమ వాళ్ళతో మాట్లాడుతున్నారు. రెండున్నరకి కాపలా ఆవిడ లోపలికి వెళ్ళి తిరిగొచ్చింది.

"మీ అమ్మగారు రానంటున్నారు మేడమ్."

"ఒంట్లో బాగాలేదా?"

"లేచే ఉన్నారండి. ఎర్రమ్మగారూ వాళ్ళతో కూచున్నారు. మీరొచ్చారని చెప్పాను. రానన్నారు."

"ఇంకోసారి చెప్పండి."

ఆవిడ మళ్ళీ వెళ్ళొచ్చి తల అడ్డంగా ఊపింది. నీలవేణి మందులూ శాలువా ఆవిడ చేతికిచ్చి, మళ్ళీ వచ్చి బల్లమీద కూచుంది. నాలుగింటికి గంట కొట్టి గేట్లు మూసేదాకా అక్కడే ఉంది.